ఛార్జింగు ఎక్కని ఫోను: షాపుకి వెళ్ళే ముందు ఇంట్లో చూడవలసినవి

పొద్దున్నే స్టవ్వు మీద పాలు పెట్టి ఫోను చేతిలోకి తీసుకుంటారు. తెర నల్లగా ఉంటుంది. రాత్రంతా ప్లగ్గుకే తగిలించి ఉంది గదా అనుకుంటారు. వైరు పీకి మళ్ళీ గుచ్చుతారు, నోటితో ఊదుతారు, అరచేతిలో రెండు దెబ్బలు కొడతారు. ఊహూ! చలనం ఉండదు. ఇంతలో గ్యాసుబండ తెచ్చినతను గుమ్మంలో నిలబడి "కోడ్ చెప్పండమ్మా" అంటాడు. సంఘం లీడరు వాయిదా డబ్బు ఫోనులో వేయమని కబురు పెడుతుంది. పిల్లవాడి స్కూలు బస్సు ఎంతవరకు వచ్చిందో తెలీదు. 2025 జనవరిలో 'మన మిత్ర' వచ్చాక మన రాష్ట్రంలో సర్టిఫికెట్ల పని కూడా వాట్సాప్‌లోకే చేరింది. ఒకప్పుడు బీరువా తాళంచెవి పోతే ఎంత కంగారు పడేవాళ్ళమో, ఇప్పుడు ఫోను ఆగిపోతే అంత కంగారు.

ఆ కంగారులోనే చాలామంది తిన్నగా షాపుకి పరిగెడతారు. అక్కడ "బోర్డు పోయిందమ్మా" అన్న మాట వింటే గుండె జారిపోతుంది. వేలకు వేలు లెక్క చెబుతారు. అసలు సంగతేమిటంటే, ఛార్జింగు ఎక్కకపోవడానికి కారణం ఎక్కువసార్లు ఫోను లోపల ఉండదు, బయటే ఉంటుంది. గోడ దగ్గర మొదలుపెట్టి స్విచ్చి, ప్లగ్గు, ఛార్జరు, వైరు, ఫోను రంధ్రం అని వరసగా చూసుకుంటూ వస్తే అరగంటలో దొంగ దొరుకుతాడు. దీనికి చదువు అక్కరలేదు, ఓపిక చాలు. అయితే ఎక్కడ చెయ్యి పెట్టకూడదో కూడా తెలిసి ఉండాలి. ఆ సంగతీ చెప్పుకుందాం.

గోడ దగ్గర మొదలెట్టండి

ఫోను పెట్టిన ప్లగ్గులో ముందు నైట్‌ల్యాంపో, ఆల్ అవుటో పెట్టి చూడండి. అది వెలగకపోతే గొడవ ఫోనుది కాదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడేవారు ఫోను ఛార్జరుని తిన్నగా గోడ ప్లగ్గులో పెట్టి చూడాలి. ఆ బాక్సుల్లో రేకులు వదులైపోయి, ఛార్జరు కూర్చున్నట్టే కనిపిస్తుంది గాని కరెంటు అందదు. దగ్గరగా చెవి పెడితే చిటపటమని చప్పుడొచ్చినా, ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగినా ఇక దాన్ని వాడవద్దు. ఎలక్ట్రీషియన్ని పిలిచి మార్పించండి.

"మా ఊళ్ళో లో వోల్టేజీ, అందుకే ఎక్కట్లేదు" అనే మాట పల్లెల్లో తరచుగా వింటూంటాం. మీ ఛార్జరు మీద చీమతలకాయంత అక్షరాలు ఉంటాయి, కళ్ళజోడు పెట్టుకుని చదవండి. ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉంటుంది. మన ఇళ్ళకి రావలసింది 230. అంటే అందులో సగం వచ్చినా ఆ ఛార్జరు పని చేస్తుందన్నమాట. ఫ్యాను నత్తలా తిరుగుతున్నా ఫోను ఎక్కుతూనే ఉండాలి. కాబట్టి లో వోల్టేజీ మీద నేరం మోపే ముందు మిగతావి చూడండి.

అసలు భయపడవలసింది ఎక్కువ వోల్టేజీకి. లైన్లో న్యూట్రల్ తీగ తెగినా, వదులైనా, 230 ఉండవలసిన వోల్టేజీ కొన్ని ఇళ్ళకి 300 దాటి 400 దాకా ఎగబాకవచ్చు. లైట్లు ఒక్కసారిగా తెల్లగా మండిపోతున్నట్టు వెలిగితే అదే గుర్తు. వెంటనే మెయిన్ ఆపేసి 1912కి ఫోను చేయండి. అది కరెంటు వాళ్ళ ఫిర్యాదుల నంబరు. అలాంటి రోజున ఛార్జరు, టీవీ, ఫ్రిజ్ ఒకేసారి పోతాయి. వీధిలో నలుగురికీ ఛార్జర్లు కాలిపోయాయంటే కారణం ఇదే అయి ఉండవచ్చు.

వైరు, ఛార్జరు: మార్చి చూస్తే తెలిసిపోతుంది

ఇంట్లో ఇంకొకరి ఛార్జరూ వైరూ తెచ్చి మీ ఫోనుకి పెట్టండి. ఎక్కిందా? అయితే ఫోను నిక్షేపంలా ఉంది. ఇప్పుడు మీ వైరుని వాళ్ళ ఛార్జరుకి పెట్టండి, తరవాత మీ ఛార్జరుకి వాళ్ళ వైరు పెట్టండి. రెండింటిలో ఏది పోయిందో తేలిపోతుంది. ఎక్కువగా పోయేది వైరే. పడుకుని సీరియల్ చూస్తూ, ఫోనుని పొట్టమీద నిలబెట్టి ఛార్జింగు పెడతాం గదా, ఆ బరువంతా వైరు మెడ మీద పడుతుంది. పైన తొడుగు బాగానే ఉంటుంది, లోపల వెంట్రుకంత తీగలు ఒక్కొక్కటే తెగుతూంటాయి. వైరుని ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే ఎక్కుతోందంటే దాని పని అయిపోయినట్టే. టేపు చుట్టి వాడకండి.

ఇంకో తేడా కూడా గమనించాలి. అసలు ఎక్కకపోవడం వేరు, నెమ్మదిగా ఎక్కడం వేరు. ఛార్జరు మీద అవుట్‌పుట్ అని రాసి ఉన్నచోట వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 5 వోల్టులు, 1 ఆంపియరు అంటే 5 వాట్లు. ఇది పాత కీప్యాడ్ ఫోన్ల కాలంనాటి సత్తువ. ఈ రోజుల్లో ఫోన్లలో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటోంది. అది దాదాపు 19 వాట్-గంటలు పట్టే కుండ. 5 వాట్ల ధారతో అది నిండాలంటే నాలుగు గంటలు పైమాటే. పైగా మధ్యలో వీడియోలు చూస్తూంటే, ఒకపక్క బిందె నింపుతూ ఇంకోపక్క చెంబుతో తోడినట్టే. గంట గడిచినా 3 శాతం దగ్గరే ఉందంటే ఫోను పాడైనట్టు కాదు, ఛార్జరు చిన్నదైనట్టు.

2023లో ఐఫోన్ కూడా టైప్-సి రంధ్రానికి మారింది. యూరప్‌లో 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లన్నిటికీ అదే తప్పనిసరి. దాంతో ఇంటిల్లిపాదికీ ఒకే వైరు సరిపోయే రోజు వచ్చింది. సుఖమే. కాకపోతే పిన్ను పట్టిందంటే ఛార్జరు సరిపోయిందని అర్థం కాదు.

కరెంటు బిల్లు భయంతో రాత్రి సగంలోనే పీకేసేవాళ్ళూ ఉన్నారు. లెక్క చూడండి. ఒక్క యూనిట్‌తో మామూలు ఫోనుని సుమారు 40 సార్లు నిండా ఎక్కించవచ్చు. మనం పొదుపు చేయవలసింది ఇక్కడ కాదు. బస్టాండు దగ్గర తక్కువ ధరకి వచ్చే పేరులేని ఛార్జరు కొనకుండా ఉంటే అదే అసలు పొదుపు.

పత్తి పింజ, సున్నపు దుమ్ము, మిరపపొడి

వైరూ ఛార్జరూ బాగున్నాయి, అయినా ఎక్కడం లేదు. అప్పుడు చూడవలసింది ఫోను అడుగున ఉన్న రంధ్రం. మన పల్నాడు ఆడవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. గురజాల, కారంపూడి వైపు పత్తి తీతకి వెళ్ళేవాళ్ళ కొంగులో, సంచిలో పింజలు చేరతాయి. మిరప కోతలప్పుడూ, కల్లంలో కాయలు ఏరేటప్పుడూ, ఇంట్లో తొడిమలు తీసేటప్పుడూ పొడి లేస్తుంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర, మాచర్ల, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర గాలిలోనే దుమ్ము. వంటింట్లో శనగపిండి, గోధుమపిండి చేతులతో ఫోను ముట్టుకుంటాం. ఇదంతా ఆ చిన్న రంధ్రంలోకి పోతుంది. వైరు గుచ్చిన ప్రతిసారీ ఆ చెత్త ఇంకాస్త లోపలికి దిగి, గట్టిపడి, అడుగున ఒక చాపలా పరుచుకుంటుంది. దాంతో పిన్ను పూర్తిగా లోపలికి వెళ్ళదు.

గుర్తు పట్టడం సులువు. ఇదివరకు వైరు పెడితే 'టిక్' మని కూర్చునేది, ఇప్పుడు వదులుగా ఊగుతుంది, లేదా జారి పడిపోతుంది. పిన్ను మెటల్ కాస్త బయటికే కనిపిస్తూంటుంది. ఫోనుని పగటి వెలుగులో వంచి, ఇంకో ఫోను టార్చి లోపలికి వేసి చూడండి. బూడిదరంగు నూగు కనిపిస్తే రోగం దొరికినట్టే.

శుభ్రం చేసే పద్ధతి ఇది. ముందు ఫోను స్విచ్చాఫ్ చేయండి. కొబ్బరి చీపురు పుల్ల ఒకటి, పొడిగా ఉన్నది తీసుకుని కొసని బ్లేడుతో పల్చగా చెక్కండి. పళ్ళు కుట్టుకునే చెక్కపుల్లయినా సరే. రంధ్రం కింది వైపుకి ఉండేలా ఫోను పట్టుకుని, అంచుల వెంబడి నెమ్మదిగా లోపలికి పోనిచ్చి చెత్తని బయటికి గీకండి. టైప్-సి రంధ్రంలో నడుమ సన్నటి నాలుకలాంటి బిళ్ళ ఉంటుంది. దాన్ని వంచకూడదు, నొక్కకూడదు. దానికి పైనా కిందా ఉన్న సందులో, అట్టడుగునే నూగు పేరుకుని ఉంటుంది. వాడని మెత్తటి టూత్‌బ్రష్‌తో చివర్న ఒకసారి దులపండి. ఎంత నూగు వస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

చేయకూడనివి మూడు. చేతికి దొరికింది గదా అని పిన్నీసు, సూది, తలపిన్ను పెట్టకండి. లోపలి కాళ్ళు ఒకదానికొకటి తగిలితే చిన్న రోగం పెద్ద రోగమవుతుంది. నోటితో ఊదకండి, ఉమ్మి తడి లోపలికి వెళుతుంది. కొబ్బరినూనె చుక్క అసలే వద్దు.

చెమట సంగతి కూడా చెప్పాలి. పొలంలో ఫోనుని రొండిన దోపుకోవడం, జాకెట్టులో పెట్టుకోవడం మనకి అలవాటు. చెమటలో ఉప్పు ఉంటుంది. అది రంధ్రంలోని రాగి కాళ్ళకి పచ్చగా చిలుము పట్టిస్తుంది. పుల్లతో గీకితే పోయేది కాదది. అందుకని పనికి వెళ్ళేటప్పుడు చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి, మూతి మడిచి పెట్టుకోండి. కవరుకి ఖర్చు లేదు, ఫోనుకి ఏళ్ళు కలిసొస్తాయి.

తడిసిన ఫోనుకి బియ్యం మందు కాదు

ఫోను నీళ్ళలో పడగానే బియ్యం డబ్బాలో పాతిపెట్టడం ఊరూరా ఉన్న వైద్యమే. మనదే కాదు, అమెరికాలోనూ ఇదే చేస్తారు. ఐఫోన్ తయారుచేసే ఆపిల్ వాళ్ళు 2024లో తమ సలహాల్లో బియ్యంలో పెట్టవద్దని స్పష్టంగా రాశారు. ఎందుకంటే బియ్యానికి అంటుకున్న తవుడూ నూకా రంధ్రంలో చేరి కొత్త తంటా తెస్తాయి. బియ్యం చుట్టూ ఉన్న గాలి కన్నా మామూలు ఫ్యాను గాలే మేలు.

తడిసిన ఫోనుకి ఛార్జింగు పెట్టకపోవడమే మొదటి చికిత్స. రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతిలో మెల్లగా తట్టండి, నీళ్ళు కారిపోతాయి. ఫ్యాను కింద వదిలేయండి. తడి ఉందని ఫోనే హెచ్చరిక చూపిస్తూంటే, అది పోయేదాకా పెట్టకండి. పూర్తిగా ఆరడానికి ఒక్కోసారి రోజు కూడా పడుతుంది. ఎండలో పెట్టడం, పొయ్యి గట్టు మీద పెట్టడం, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు కొట్టడం వద్దు. పడింది మంచినీళ్ళు కాక చారో, మజ్జిగో, ఉప్పునీళ్ళో అయితే ఆరినా లోపల మరక మిగులుతుంది. దాన్ని షాపులో విప్పి కడిగించవలసిందే.

రెంటచింతల ఎండ ఫోనుకీ తగులుతుంది

ఏప్రిల్, మే నెలల్లో ఎండ వార్తలొచ్చాయంటే రెంటచింతల పేరు లేకుండా ఉండదు. 45 డిగ్రీలు దాటడం అక్కడ కొత్త కాదు. ఆపిల్ వాళ్ళు తమ ఫోన్లని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటారు. అంటే మన వేసవి మొత్తం ఫోనుకి పత్యం తప్పిన కాలమే. లిథియం బ్యాటరీ బాగా వేడెక్కితే ఫోను తనంతట తానే ఛార్జింగు ఆపేస్తుంది. మళ్ళీ చల్లబడ్డాక మొదలుపెడుతుంది. ఇది రోగం కాదు, రక్షణ. రేకుల షెడ్డులో, కిటికీ ఎండలో, స్టవ్వు పక్క గూట్లో పెట్టి "ఎక్కట్లేదు" అంటే ఫోను మాత్రం ఏం చేస్తుంది?

వెనక కవరు ఊడదీసి, నీడలో, ఫ్యాను కింద గచ్చుమీద ఓ ఇరవై నిమిషాలు ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టే ప్రయోగాలు వద్దు. బయటికి తీయగానే చల్లటి చెంబుకి పట్టినట్టు లోపల చెమ్మ పడుతుంది. వేసవిలో తెల్లవారుజామున ఛార్జింగు పెట్టుకుంటే ఫోనుకి హాయి.

80 శాతం దగ్గర ఆగిపోతోందని కంగారు పడేవారికి ఒక మాట. కొత్త ఫోన్లలో బ్యాటరీని కాపాడే సెట్టింగు ఒకటి ఉంటుంది. పిల్లలెవరో ఆన్ చేసి ఉంటారు. సెట్టింగుల్లో బ్యాటరీ అన్నచోట చూస్తే కనిపిస్తుంది. అలాగే ఫోను పూర్తిగా ఖాళీ అయి రోజుల తరబడి పడి ఉంటే, ఛార్జరు పెట్టగానే బొమ్మ రాదు. అరగంట అలా వదిలేయండి. అప్పటికీ రాకపోతే పవర్ బటన్నూ, సౌండు తగ్గించే బటన్నూ కలిపి పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లు దీంతో లేస్తాయి.

ఇక్కడ ఆగిపోవాలి

ఇంతవరకూ ఇంట్లో చేసుకోదగ్గవే. ఇక చెప్పబోయేది చేయి పెట్టకూడని సంగతి. ఫోను వెనక రేకు పైకి లేచినా, తెర ఒక పక్క ఉబ్బినట్టున్నా, బల్లమీద పెడితే బొంగరంలా ఊగినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ క్షణం నుంచి దానికి ఛార్జింగు పెట్టకూడదు. నొక్కకూడదు, గుచ్చకూడదు, ఎండలో పెట్టకూడదు. లిథియం బ్యాటరీ 1991లో బజారుకి వచ్చింది. దాన్ని కనిపెట్టిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎంత గొప్ప వస్తువో అంత జాగ్రత్త కావాలి. 2016లో శాంసంగ్ వారంతటివారు బ్యాటరీలు అంటుకుంటున్నాయని నోట్ 7 అనే ఫోనుని ప్రపంచమంతటి నుంచీ వెనక్కి తీసుకుని, తయారీయే ఆపేశారు.

ఫోను నుంచి పొగ వస్తే చేత్తో పట్టుకోవద్దు. ముందు స్విచ్చి, కుదిరితే మెయిన్ ఆపండి. పిల్లల్ని బయటికి పంపండి. కరెంటు తీసేశాకనే దూరం నుంచి బిందెడు నీళ్ళు గుమ్మరించండి. ఆ పొగ పీల్చవద్దు.

దిండు కింద ఛార్జింగు పెట్టి పడుకోవడం, పరుపు మీద, దుప్పటి మడతల్లో వదిలేయడం మానుకోవాలి. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోవద్దు. పసిపిల్లలున్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. ఫోను తీసేసి, స్విచ్చి ఆపకుండా వైరుని అలాగే వేలాడదీస్తూంటాం. 2023 ఆగస్టులో కర్ణాటకలోని కార్వార్ దగ్గర ఎనిమిది నెలల పాప అలా వేలాడుతున్న వైరు కొసని నోట్లో పెట్టుకుని షాకు కొట్టి చనిపోయింది. మంచి ఛార్జరు వైరు కొసకి కొద్ది వోల్టులే వస్తాయి. లోపల సరైన అడ్డు లేని నాసిరకం ఛార్జరు చెడితే గోడలోని 230 వోల్టులూ కొస దాకా రావచ్చు. అందుకే స్విచ్చి ఆపి, ఛార్జరు పీకి, అందని చోట పెట్టండి.

కొత్త ఛార్జరు కొనేటప్పుడు దానిమీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయా చూడండి. ఆ నంబరుని 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే అది నిజమో కాదో తెలుస్తుంది. బిల్లు అడిగి తీసుకోండి. కోటప్పకొండ తిరునాళ్ళకో, దూరప్రయాణానికో వెళ్ళేటప్పుడు సొంత ఛార్జరు పట్టుకెళ్ళండి. ఎవరివో యూఎస్‌బీ రంధ్రాల్లో ఫోను పెడితే సమాచారం లాగేసే అవకాశం ఉందని రిజర్వు బ్యాంకు వారు 2022లో వేసిన పుస్తకంలో హెచ్చరించారు. గోడ ప్లగ్గులో సొంత ఛార్జరు పెట్టుకుంటే ఆ బెంగ లేదు.

షాపుకి వెళ్ళక తప్పనప్పుడు

పైన చెప్పినవన్నీ చూశారు, ఎక్కలేదు. నరసరావుపేటో, మాచర్లో వెళ్ళక తప్పదు. కొని ఏడాది కాలేదంటే బిల్లు వెతికి ముందు కంపెనీ సర్వీసు సెంటరుకే వెళ్ళండి. బయటివాళ్ళు విప్పితే వారంటీ పోవచ్చు.

మామూలు షాపు అయితే, వేరే ఛార్జరుతో కూడా చూశామనీ, రంధ్రం శుభ్రం చేశామనీ మొదటే చెప్పండి. ఆ ఒక్క మాటతో మీరు తెలిసినవారని అవతలివాళ్ళకి అర్థమవుతుంది. చాలా ఫోన్లలో ఛార్జింగు రంధ్రం ఉన్న ముక్క వేరే చిన్న బోర్డు మీద ఉంటుంది. పెద్ద బోర్డుతో పోలిస్తే దాని ధర బాగా తక్కువ. కాబట్టి "బోర్డు పోయింది" అంటే "ఛార్జింగు బోర్డా, మదర్‌బోర్డా?" అని అడగండి. బ్యాటరీ మార్చాలంటే ఫోను వయసెంతో ఆలోచించండి. రెండు మూడేళ్ళు రోజూ వాడినదైతే ఆ మాట నమ్మదగ్గదే. కొన్ని వందల సార్లు ఎక్కి దిగాక ఏ బ్యాటరీకైనా సత్తువ తగ్గుతుంది. ఇంకో రెండు షాపుల్లో ధర కనుక్కోవడానికి మొహమాటపడకండి. చీర కొనేటప్పుడు మనం పడతామా?

ఫోను అక్కడ వదిలి రావలసి వస్తే సిమ్ము, మెమరీ కార్డు తీసి మీ దగ్గరే ఉంచుకోండి. డబ్బు పంపే యాప్‌ల పిన్ను ఎవరికీ చెప్పవద్దు, బాగుచేయడానికి దాని అవసరమే లేదు. ఫోను తెరుచుకునే నంబరు అడిగితే, ఇవ్వకుండా ఎదురుగా కూర్చుని మీరే తెరిచి చూపించండి. కొన్ని ఫోన్లలో రిపేరుకి ఇచ్చేటప్పుడు ఫొటోలూ మెసేజీలూ కనపడకుండా దాచే సెట్టింగు ఉంటుంది. ఫోను ఇంకా కాస్త వెలుగుతూంటే ముందే పిల్లలచేత అది పెట్టించుకోండి. ఒకవేళ ఖాతాలోంచి డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

మార్చిన పాత ముక్క మీది. అడిగి తీసుకోండి. పాత బ్యాటరీ మాత్రం ఇంటికి తెచ్చుకోకుండా, చెత్తబుట్టలో వేయకుండా షాపులోనో సర్వీసు సెంటరులోనో అప్పజెప్పండి. డబ్బు ఇచ్చేముందు అక్కడే మీ సొంత ఛార్జరు పెట్టించి, శాతం అంకె రెండు మూడు పెరిగేదాకా నిలబడి చూడండి. బిల్లు మీద ఏ ముక్క మార్చారో, ఎన్నాళ్ళు గ్యారంటీయో రాయించండి. వారం తిరక్కుండా మళ్ళీ అదే గొడవ వచ్చి, షాపతను మాట దాటేస్తే, ఆ బిల్లు చేతిలో పెట్టుకుని 1915కి ఫోను చేయవచ్చు. అది వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు.